లక్ష్యం లేనివాళ్ళమా మేము?

మా ఆశ్రమ పాఠశాలలకు ఏటా మైదానం నుంచి ఎవరో ఒకరు వస్తారు. మైకు పట్టుకొని పదో తరగతి పిల్లల్ని వరసగా లేపుతారు. ‘నీ జీవిత లక్ష్యం ఏమిటి?’ అని అడుగుతారు. ‘కలెక్టర్’ అన్న పిల్లకు చప్పట్లు. ‘ఊరెళ్ళి మా కాఫీ తోట చూసుకుంటాను’ అన్న పిల్లాడికి నవ్వులు. ‘మీ అమ్మానాన్నల్లాగే మిగిలిపోతావా?’ అని మందలింపు. ఆ రాత్రి హాస్టల్లో ఆ పిల్లాడికి నిద్ర ఎందుకు పట్టదో మాకు తెలుసు. మేమూ ఆ వరసలో నిలబడ్డవాళ్ళమే.

మా అమ్మానాన్నల బతుకును చూసి నవ్వే హక్కు మీకు ఎవరిచ్చారు? పొద్దున్నే చోడి అంబలి తాగి కొండెక్కుతారు. వానలు పడితే వెదురు కొమ్ముల కూర వండుకుంటారు. వారపు సంతలో చుట్టాలు కలిస్తే చెట్టు కింద పూటంతా ముచ్చట్లే. చైత్రంలో ఇటుకల పండుగకు విత్తనాలకు పూజ చేసి, డప్పు, తుడుం, మోరి మోగుతుంటే చేయీ చేయీ కలిపి థింసా ఆడతారు. థింసాలో ముందున్నవాళ్ళు గెలిచేది లేదు, చివరివాళ్ళు ఓడేది లేదు. వరస తెగకపోతే చాలు. దీన్ని సోమరితనం అనేవాళ్ళు ఒక్కరోజు మాతో పోడు పనికి రండి.

ఇంకోరకం పెద్దమనుషులున్నారు. ‘గిరిజనులు అమాయకులు, ఉన్నదాంతో సంతోషంగా ఉంటారు’ అని మెచ్చుకుంటారు. వీళ్ళకు ఇంకేమీ ఇవ్వనక్కర్లేదన్న మాట ఆ మెచ్చుకోలు వెనక దాగుంది. నిండు గర్భిణిని డోలీలో మోసుకెళ్ళడం మాకు సంతోషం కాదు. మా తృప్తి మేం ఎవరికీ రాసిచ్చిన కాగితమూ కాదు. అంబలికి చోళ్ళు కావాలి, చోళ్ళకు భూమి కావాలి. అందుకే 1/70 చట్టాన్ని వదులుకోం, 2006 అటవీ హక్కుల చట్టం కింద పట్టాలు అడుగుతూనే ఉంటాం. షెడ్యూల్డ్ ప్రాంతాల్లో టీచరు పోస్టులన్నీ స్థానిక గిరిజనులకే ఇచ్చిన 2000 నాటి జీవో 3ను 2020లో సుప్రీంకోర్టు కొట్టేసింది. ఆ పోస్టుల కోసమూ కొట్లాడతాం. థింసా ఆడి పెరిగిన టీచరు కాఫీ తోట పిల్లాణ్ణి చూసి నవ్వడు.

తమ్ముళ్ళూ, చెల్లెళ్ళూ, చదవండి. ఉద్యోగం తెచ్చుకోండి. అది కూడు పెడుతుంది, అమ్మకు మందులు కొనిపెడుతుంది. అంతవరకే దాని పని. డీఎస్సీ పోయిందని బతుకు పోయినట్టు తలుపేసుకొని కూర్చోకండి. పండక్కి ఊరు రావడానికి సిగ్గుపడకండి. వరసలో మీ చోటు మీకుంది.

టీచర్లూ, మీకూ ఒక మాట. రేపు పిల్లల్ని లేపి ‘ఏమవుతావు?’ అని అడిగే ముందు, ‘నిన్న నీకు ఏది బాగా నచ్చింది?’ అని అడగండి. వాళ్ళ భాషలోనే చెప్పనివ్వండి. చెప్పింది విని చప్పట్లు కొట్టండి.