గోడ మీది నీటి లెక్క

మసీదులోకి అడుగు పెట్టిన ప్రతివారి చూపు ముందుగా గోడ మీది నమాజు వేళల పట్టికపై పడుతుంది. నల్లగొండలో కొన్నేళ్ళు, పాలమూరులో కొన్నేళ్ళు పాఠాలు చెప్పిన మాకు ఆ పట్టికతో ఒక అనుభవం ఉంది. ఒక రమజాన్‌లో మహబూబ్‌నగర్ వైపు ఒక పల్లె మసీదులో ఎవరో నల్లగొండ పట్టిక తెచ్చి తగిలించారు. మొదటి రోజునే ఒక వృద్ధ రైతు మా చేయి పట్టుకుని బయటికి తీసుకువెళ్ళి, "మౌల్వీసాబ్, పొద్దు ఇంకా కనపడుతనే ఉంది, మీ కాగితమేమో ఇఫ్తార్ అంటున్నది" అని చూపించాడు. ఆయన మాట నిజమే. రెండు పట్టణాల రేఖాంశాల మధ్య తేడా ఒక డిగ్రీ పైచిలుకు. డిగ్రీకి 4 నిమిషాల చొప్పున, నల్లగొండలో అస్తమించిన సూర్యుడు మహబూబ్‌నగర్‌లో అస్తమించడానికి ఇంకో 5 నిమిషాలు పడుతుంది. ఆ సాయంత్రమే పట్టిక మారింది.

ఆ లెక్క ఎవరి సొత్తూ కాదు. అందరి కళ్ళ ముందు ఉంది కనుకనే అందులోని తప్పు ఒక్కరోజు కూడా నిలవలేదు. ఈ సంగతి మాకు మరొక సందర్భంలో, ఎంతో నష్టం జరిగిన తరువాత, మళ్ళీ గుర్తుకు వచ్చింది.

మేము పనిచేసిన ఒక మదరసాలో వేసవికి బావి ఎండిపోయింది. పిల్లల వుజూకు, వంటకు ట్యాంకరే దిక్కయింది. కమిటీవారు చందాలు వసూలు చేసి బోరు వేయించ సంకల్పించారు. అరచేతిలో కొబ్బరికాయ పెట్టుకుని నడిచే మనిషి వచ్చాడు. కాయ నిలబడిన చోట బండి దిగింది. 500 అడుగులు దాటినా దుమ్మే తప్ప తడి లేదు. మరొక మూలన మరొక బోరు వేస్తే అక్కడా దుమ్మే. ఆ డబ్బు కూలిపని చేసే స్త్రీలు కొంగున ముడివేసుకుని తెచ్చి ఇచ్చినది. అది మా చేతుల్లో ఉన్న అమానత్. అడ్డు చెప్పగలిగి ఉండీ మేము మౌనంగా ఊరుకున్నాము. ఆ తరువాత పక్క ఊరి రైతు ఒకరు వచ్చి, "మా ఊళ్ళో ఒకప్పుడు నీటి మట్టాలు గోడ మీద రాసేవాళ్ళం, ఒక్కమాట అడగకపోతిరి" అన్నారు. వెళ్ళి చూశాము. సున్నం పొరల కింద అంకెలు సగం చెరిగిపోయి ఉన్నాయి.

ఆ గోడ వెనుక ఒక కథ ఉంది. 2003లో ఉమ్మడి రాష్ట్రంలోని 7 జిల్లాలలో రైతులే భూగర్భ జలాన్ని కొలిచి, లెక్క కట్టి, తామే నిర్ణయించుకునే ఒక పథకం ప్రారంభమైంది. నెదర్లాండ్స్ ప్రభుత్వం ధనసహాయం చేయగా ఐక్యరాజ్య సమితి ఆహార, వ్యవసాయ సంస్థ దానిని నడిపింది. నంద్యాలకు చెందిన ఒక స్వచ్ఛంద సంస్థ సమన్వయం చేసింది. ఆంగ్ల పొడి అక్షరాలలో దానిని ఏపీఫామ్స్ అనేవారు. అనంతపురం, చిత్తూరు, కడప, కర్నూలు, ప్రకాశంతో పాటు మన మహబూబ్‌నగర్, నల్లగొండ జిల్లాలు కూడా అందులో ఉన్నాయి.

పథకం రైతుకు సబ్సిడీ ఇవ్వలేదు, మోటారు ఇవ్వలేదు. ఇచ్చినది కొలిచే విద్య. గ్రామంలో ఎంపిక చేసిన కొన్ని బావులలోకి స్త్రీ పురుష వాలంటీర్లు నిర్ణీత దినాలలో టేపు దించి నీటి మట్టం చూసేవారు. వాన పడిన ఉదయం వర్షమాపకం చదివేవారు. బోరు పోసే నీటిని డ్రమ్ములోకి పట్టి, గడియారం చూసి, నిమిషానికి ఎన్ని లీటర్లో తేల్చేవారు. ఆ అంకెలన్నీ పుస్తకంలో దాచుకోక ఊరి నడుమ గోడ మీద రాసేవారు. వానాకాలం ముగిసి యాసంగి మొదలయ్యే ముందు అందరూ కూర్చుని భూమిలో ఎంత నీరు చేరింది, ఎవరు ఏ పంట వేయదలిచారు, దానికి ఎంత కావాలి అని ఒక పద్దు వేసేవారు. అప్పు తేలితే తేలినట్టే రాసేవారు. వరి వేయవద్దని ఎవరూ ఎవరినీ శాసించలేదు. లెక్క చూసిన రైతు ఇంటికి వెళ్ళి భార్యతో ఆలోచించి, రెండు ఎకరాల వరిని ఒక ఎకరానికి తగ్గించి మిగిలిన దానిలో ఆరుతడి పంట వేస్తే వేసేవాడు, లేకుంటే లేదు.

ఇక్కడ ఒక విషయం గమనించాలి. ఆ పద్దు మండలం వారీగా వేసినది కాదు, నీరు పారే పరీవాహకం వారీగా వేసినది. వాగుకు తహసీల్దారు కార్యాలయం ఎక్కడుందో తెలియదు కదా!

2010లో వెలువడిన ప్రపంచ బ్యాంకు నివేదిక ఈ ప్రయత్నాన్ని మెచ్చుకుంది. ఎక్కువ పరీవాహకాలలో యాసంగి నీటి వాడకం తగ్గిందని చెప్పింది. తరువాత పరిశీలించిన పరిశోధకులు కొందరు ఫలితాలు అంత గొప్పవి కావని సందేహించారు. మేము చూసినంతలో రెండు మాటల్లోనూ సత్యం ఉంది. పథకం ముగిసింది, జీతాలు ఆగాయి, చాలా గ్రామాలలో టేపు మూలన పడింది. అయితే 2019 డిసెంబరులో కేంద్రం ప్రారంభించిన అటల్ భూజల్ యోజనలో గ్రామ నీటి పద్దు, భూగర్భ జల లెక్కల బహిరంగ ప్రకటన అనే రెండూ ప్రధానాంశాలయ్యాయి. ఆ 7 రాష్ట్రాల జాబితాలో తెలంగాణ లేదు. మన పొలాల్లో మొలచిన ఆలోచన పొరుగు రాష్ట్రాలకు పంట అయింది.

మా విద్యార్థులకు హిదాయా బోధించేటప్పుడు బంజరు భూమిని సాగులోకి తెచ్చే అధ్యాయంలో బావి 'హరీమ్' ప్రస్తావన వస్తుంది. ఒకరు బావి తవ్వితే దాని చుట్టూ కొంత మేర మరొకరు తవ్వరాదు. పశువులకు నీరు పెట్టే బావికి 40 మూరలని, ఒంటెతో తోడే బావికి 60 అని ధర్మవేత్తలు చర్చించారు. మన 2002 నాటి వాల్టా చట్టం కూడా ప్రజల తాగునీటి వనరుకు 250 మీటర్ల లోపల కొత్త బావిని కట్టడి చేసింది. పూర్వం ఈ పాఠం సులువుగా అర్థమయ్యేది, ఎందుకంటే తవ్వుడు బావి అడుగు కంటికి కనిపిస్తుంది. నేడు 600 అడుగుల బోరు ఎవరి చెలిమను పీలుస్తున్నదో ఎవరికి తెలుసు? మన నేల గట్టి రాతినేల. నీరు ఉండేది పైన చివికిన పొరలోను, కింద పగుళ్ళలోను మాత్రమే. ఒక పగులు ఎటు పోతుందో కొలిచినవారికే తెలుస్తుంది. కనుక ఈ కాలంలో పొరుగువాడి హక్కును కాపాడాలంటే ముందు కొలవాలి, కొలిచినది అతనికి తెలపాలి. ఇది మా అభిప్రాయం. ముఫ్తీలు పెద్ద మనసుతో పరిశీలించగలరు.

లెక్కలు బయటపెడితే డబ్బున్నవాళ్ళు నీరున్న చోటే భూములు కొంటారని ఒక మిత్రుడు మాతో వాదించాడు. డబ్బున్నవారికి ఆ సంగతి ఎన్నడో తెలుసు. వారు భూగర్భ శాస్త్రవేత్తను కారులో తీసుకువెళ్ళి చూపించుకుంటారు. కొబ్బరికాయ మీద ఆధారపడేది మనవంటివారే.

ప్రభుత్వం వద్ద లెక్కలు లేవని కాదు. తెలంగాణ 2016లో బహిరంగ సమాచార విధానం ప్రకటించి, అందుకు ఒక పోర్టల్ తెరిచింది. స్వయంచాలిత వాతావరణ కేంద్రాలు మండలాల వాన లెక్కను రోజూ అందిస్తున్నాయి. భూగర్భ జల శాఖ పరిశీలక బావులలో మట్టాలు కొలుస్తుంది. ఇస్రో వారి భువన్‌లో మన చెరువులు కనిపిస్తాయి. 2021 ఫిబ్రవరిలో కేంద్రం పటాల తయారీపై ఉన్న పాత ఆంక్షలను చాలావరకు ఎత్తివేసింది. కానీ అది ఎక్కువగా ఆంగ్లంలో, చదువరులు విప్పుకోవలసిన పట్టికలలో ఉంది. పైగా 2016 అక్టోబరులో జిల్లాలు విడిపోయాయి. నల్లగొండ మూడు జిల్లాలకు, మహబూబ్‌నగర్ అంతకంటే ఎక్కువకు పంచబడగా, పాత ఏళ్ళ వానను కొత్త మండలాలకు సరిపోల్చడం చదువుకున్నవారికే తలనొప్పి.

మండలపు సగటు గ్రామానికి చాలదని నల్లగొండ తల్లులకు వేరే చెప్పనక్కరలేదు. ఒకే ఊరిలో ఒక చేతిపంపు నీటిలో ఫ్లోరైడ్ హద్దు లోపల ఉంటుంది, పక్క వీధిలోని పంపులో లీటరుకు 1.5 మిల్లీగ్రాముల హద్దును దాటి ఉంటుంది. ఏ పంపు ఏదో రాసి ఉంచకపోయిన రోజుల్లో ఆ తేడా పిల్లల పళ్ళ మీద, ఎముకలలో తేలింది. నేడు మిషన్ భగీరథ నల్లా ద్వారా నది నీరు వస్తున్నది, అల్హందులిల్లాహ్. సరఫరా ఆగిన రోజున మాత్రం బిందె మళ్ళీ పాత పంపు దగ్గరికే వెళుతుంది.

వాన కూడా పాత నమ్మకాన్ని నిలబెట్టడం లేదు. 2009లో వానాకాలం మొహం చాటేసింది. అదే ఏడు అక్టోబరు మొదట్లో కృష్ణ, తుంగభద్ర పొంగి అలంపురం నీట మునిగింది. ఒకే సంవత్సరంలో కరువు, వరద. సగటు తీస్తే ఆ ఏడు మామూలుగానే కనిపించవచ్చు.

ఇప్పుడు మా మదరసా ఆవరణలో ఒక వర్షమాపకం ఉంది. ఖరీదు పెద్దగా లేదు. ఫజర్ తరువాత హిఫ్జ్ తరగతి పిల్లలు వంతుల వారీగా దానిని చదువుతారు. రెండు వారాలకొకసారి పాత బావిలోకి టేపు దించుతారు. ఒకడు అంకె తప్పు రాస్తే మరొకడు దిద్దుతాడు, ఈ విషయంలో వారి ఉత్సాహం పాఠంలో కంటే ఎక్కువని ఒప్పుకోక తప్పదు. రాసేది నమాజు పట్టిక పక్కనే, తెలుగులోనూ ఉర్దూలోనూ. మొన్న ఇంటి ముందు బోరు వేయించదలచిన ఒక విధవ సోదరి తన కొడుకును పంపింది. వాడు గోడ ముందు నిలబడి గత వేసవి అంకెలను చేతి మీద రాసుకుని వెళ్ళాడు. బోరు వాయిదా వేసుకున్నారని తరువాత తెలిసింది.