అంటువ్యాధి వేళ సమ్మె: దోషం ఎవరిది?

2014 నవంబరులో పశ్చిమాఫ్రికాలోని సియెర్రా లియోన్ దేశంలో, బో పట్టణానికి సమీపాన గల బండజుమా ఎబోలా చికిత్సా కేంద్రంలో నాలుగు వందల మందికి పైగా సిబ్బంది పని నిలిపివేశారు. వారానికి వంద డాలర్ల చొప్పున ఇస్తామని ప్రభుత్వం వాగ్దానం చేసిన ప్రమాద భత్యం వారి చేతికి అందకపోవడమే అందుకు కారణం. రోగులు మృత్యువుతో పోరాడుతున్న వేళ భత్యం కోసం సమ్మె చేయడం న్యాయమా అన్న ప్రశ్న అప్పుడు ఉదయించింది. మన దేశంలోనూ ఆసుపత్రి సిబ్బంది ఆందోళనకు దిగిన ప్రతిసారీ ఇదే ప్రశ్న ఎదురవుతుంది.

ఈ ప్రశ్నను మేము తేలికగా తోసిపుచ్చము. మిల్లులో మగ్గం ఆగితే గుడ్డ ఆగుతుంది. ఆసుపత్రిలో చేయి ఆగితే ప్రాణమే ఆగవచ్చు. కాని తీర్పు చెప్పడానికి ముందు ఈ వ్యాధి నడిచి వచ్చిన దారిని పరిశీలించడం అవసరం.

ఎబోలాను తొలిసారి గుర్తించినది 1976లో. నాటి జైర్, అనగా నేటి కాంగో ప్రజాస్వామ్య రిపబ్లిక్‌లోని యంబుకు గ్రామంలో ఒక మిషన్ ఆసుపత్రి వుండేది. అక్కడ నర్సులకు ప్రతి ఉదయం ఐదు సిరంజీలు, ఐదు సూదులు మాత్రమే ఇచ్చేవారు. ఆ ఐదింటితోనే రోజంతా వచ్చేవారికందరికీ ఇంజెక్షన్లు ఇవ్వాలి. ఒక రోగికి, మరొక రోగికి మధ్య వాటిని గోరువెచ్చని నీటిలో కడిగితే సరిపోయేది. ఆ సూదుల వెంటే వ్యాధి పాకింది. మొత్తం 318 మందికి సోకగా 280 మంది మరణించారు. ఆసుపత్రి సిబ్బంది 17 మందిలో 11 మంది ప్రాణాలు కోల్పోయారు. చివరకు ఆసుపత్రిని మూసివేసిన తరువాతనే వ్యాధి తగ్గుముఖం పట్టింది. స్వస్థత చేకూర్చవలసిన ఇల్లే వ్యాధికి పుట్టినిల్లు అయిందంటే, ఆ నేరం సూది పట్టిన నర్సుది కాదు. రోజుకు ఐదు సూదులు చాలునన్న వ్యవస్థది.

ఎబోలా గాలి ద్వారా వ్యాపించే జబ్బు కాదు. రోగి రక్తం, వాంతి, మలం, చెమట వంటి ద్రవాలు మరొకరి కంటికి, నోటికి, గాయపడిన చర్మానికి తగిలినప్పుడు అది సోకుతుంది. సోకిన తరువాత రెండు నుంచి ఇరవై ఒక్క రోజుల లోపున లక్షణాలు బయటపడతాయి. అవి కనిపించని దశలో రోగి ఇతరులకు దానిని అంటించడు. వ్యాధి ముదిరిన కొలదీ ప్రమాదం పెరుగుతుంది, శవంలో సైతం వైరస్ నిలిచి వుంటుంది. కనుక దీనికి మొదట బలయ్యేది ఎవరో వేరే చెప్పనక్కరలేదు. రోగిని తుడిచే నర్సు, పక్కగుడ్డలు ఉతికే మనిషి, నేల కడిగే పారిశుధ్య కార్మికుడు, శవాన్ని మోసే కూలి, ఇంటి వద్ద సేవ చేసే తల్లి లేక చెల్లెలు. ఎబోలా శ్రమించే చేతుల ద్వారా వ్యాపించే వ్యాధి. ఆ చేతులకు రక్షణ కల్పించడమే దాని నివారణలో మొదటి మెట్టు.

2014–16 మధ్య గినీ, లైబీరియా, సియెర్రా లియోన్ దేశాలలో 28,600 మందికి పైగా వ్యాధిగ్రస్తులయ్యారు, 11,300 మందికి పైగా మరణించారు. మృతులలో ఆరోగ్య సిబ్బంది ఐదు వందల మందికి పైగా వున్నారు. లైబీరియా తన వైద్యులు, నర్సులు, మంత్రసానులలో దాదాపు 8 శాతం మందిని కోల్పోయింది. సియెర్రా లియోన్‌లోని కెనెమా ఆసుపత్రిలో చికిత్సకు నాయకత్వం వహించిన డాక్టర్ షేక్ ఉమర్ ఖాన్ 2014 జూలై 29న అదే వ్యాధితో కన్నుమూశారు. ఆయనతో పనిచేసిన నర్సులు ఒకరి తరువాత ఒకరు నేలకొరిగారు. వారి సహచరులు సమ్మెకు దిగారు. నిన్న తమ పక్కన పనిచేసినవారిని నేడు మట్టికి అప్పగించివచ్చిన వారిని ధనాశాపరులని నిందించడానికి మాకు నోరు రాదు.

దీనికి భిన్నమైన దృశ్యం నైజీరియాలో కనిపించింది. 2014 జూలైలో ఒక వ్యాధిగ్రస్తుడు విమానంలో లాగోస్ నగరానికి వచ్చాడు. ఎన్ని ఒత్తిళ్లు వచ్చినా అతనిని ఆసుపత్రి నుంచి పంపివేయడానికి డాక్టర్ అమేయో స్టెల్లా అదదెవో అంగీకరించలేదు. ఆగస్టు 19న ఆమె స్వయంగా ఆ వ్యాధికే బలయ్యారు. పోలియో నిర్మూలన కోసం ముందే నెలకొల్పిన యంత్రాంగాన్ని ప్రభుత్వం ఈ పనికి మళ్లించింది. రోగులను తాకినవారు దాదాపు 900 మందిని కార్యకర్తలు వెతికి పట్టుకుని, 18,500 సార్లు వారి ఇళ్లకు వెళ్లి విచారించారు. వ్యాధి 20 మంది దగ్గర, మరణాలు 8 దగ్గర ఆగిపోయాయి. ప్రజారోగ్య సిబ్బందిపై ముందుగా చేసిన ఖర్చు వృథా వ్యయం కాదని ఇంతకన్న స్పష్టంగా ఏ లెక్క చెప్పగలదు?

టీకా కథ మరొక పాఠం నేర్పుతుంది. కెనడా ప్రభుత్వ ప్రయోగశాలలో తయారైన టీకా కోతులను కాపాడిందని 2005లోనే వెల్లడయింది. అయినా దాదాపు పదేళ్లు అది మూలన పడివుంది. కారణం సుస్పష్టం: పేద ఆఫ్రికా గ్రామాల జబ్బుకు లాభసాటి మార్కెట్ లేదు. వేల మంది మరణించిన తరువాత, 2015లో గినీలో జరిపిన పరీక్షలో అది సమర్థంగా పనిచేసింది. రోగి చుట్టూ వున్నవారికి, వారి చుట్టూ వున్నవారికి వలయంగా టీకా వేసే పద్ధతిని అక్కడ అనుసరించారు. 2019లో దానికి అధికారిక ఆమోదం లభించింది. రోగికి ద్రవాలు, లవణాలు సకాలంలో ఎక్కించడం చికిత్సకు పునాది. దానికి తోడు జైర్ రకం ఎబోలాకు రెండు ప్రతిరక్షక ఔషధాలు 2020లో ఆమోదం పొందాయి. వాటిలో ఒకదానికి మూలం 1995లో కాంగోలోని కిక్విట్‌లో ఆ జబ్బు నుంచి బతికి బయటపడిన ఒక మనిషి రక్తం. ఆ ఔషధం కాంగో గ్రామాలకు కొరత లేకుండా చేరడం ఎవరి దయాభిక్షో కాదు, వారి హక్కు. ఇక సూడాన్ రకం ఎబోలా 2022లో ఉగాండాలో చెలరేగిన నాటికి దానికి ఆమోదించిన టీకాయే లేదు. ఆనాడు 19 మంది ఆరోగ్య సిబ్బందికి వ్యాధి సోకగా ఏడుగురు మరణించారు.

ఇది సముద్రాల ఆవలి సంగతి అని మనం ఊరడిల్లడానికి వీలులేదు. 2018లో కేరళలో నిపా వైరస్ వ్యాపించినప్పుడు రోగికి సేవ చేసిన నర్సు లిని ప్రాణత్యాగం చేసింది. కోవిడ్ కాలంలో ఇంటింటికీ తిరిగిన ఆశా కార్యకర్తలు కార్మికులుగా గుర్తింపు కోసం, రక్షణ సామగ్రి కోసం 2020 ఆగస్టులో దేశవ్యాప్త సమ్మె చేయవలసి వచ్చింది. పూలు చల్లారు, చప్పట్లు కొట్టారు. జీతం దగ్గరకు వచ్చేసరికి వారిని స్వచ్ఛంద సేవకులన్నారు.

ఇప్పుడు మొదటి ప్రశ్నకు వద్దాము. బండజుమాలో పని ఆగినప్పుడు రోగులు నిరాధారులైన మాట నిజం. ఆ బాధను మేము చిన్నది చేయము. అత్యవసర సేవను కొనసాగిస్తూనే పోరాడే మార్గాలను అన్వేషించడం ఆసుపత్రి సంఘాల బాధ్యత అని కూడా మేము భావిస్తున్నాము. అయితే చేతికి తొడుగు, ఒంటికి రక్షణ దుస్తులు, నెల తిరిగేసరికి పూర్తి వేతనం, మరణిస్తే కుటుంబానికి పరిహారం – ఇవి అంటువ్యాధి వచ్చిన తరువాత బేరమాడవలసిన కోరికలు కావు. వ్యాధి రాకముందే చట్టంలో వుండవలసిన హక్కులు. కాంట్రాక్టు పారిశుధ్య కార్మికునికీ, శ్మశానంలో పనిచేసేవానికీ అవి డాక్టరుతో సమానంగా వర్తించాలి. వాటిని ముందుగా ఇచ్చిన ప్రభుత్వానికి సమ్మె భయం వుండదు. ఇవ్వని ప్రభుత్వానికి సమ్మెను నిందించే అర్హత వుండదు.