గీత గీశాక అభ్యంతరాలా?

హైదరాబాద్ చుట్టూ రానున్న రీజినల్ రింగ్ రోడ్డు మీద చర్చంతా ఎవరి పలుకుబడితో అలైన్‌మెంట్ వంకర తిరిగిందన్న దగ్గరే ఆగుతోంది. సంగారెడ్డి నుంచి తూప్రాన్, గజ్వేల్, భువనగిరి మీదుగా చౌటుప్పల్ దాకా ఉత్తర భాగమే దాదాపు 160 కిలోమీటర్లు. మార్గం మార్చమన్న రాయగిరి రైతుల్లో కొందరిని 2023లో బేడీలు వేసి కోర్టుకు తీసుకెళ్లారు. పట్టా ఉన్నవాళ్ల పరిస్థితే అది. ఆ పొలాల్లో కూలికి పోయే మాల, మాదిగ కుటుంబాల మాట అడిగిందెవరు?

చట్టమే వాళ్లను బయట నిలబెట్టింది. 1956 జాతీయ రహదారుల చట్టం ప్రకారం 3ఏ నోటిఫికేషన్ వచ్చిన 21 రోజుల్లో అభ్యంతరం చెప్పాలి. అదీ ఆ భూమితో హక్కు సంబంధం ఉన్నవాళ్లే. 2013 భూసేకరణ చట్టం ఇంతకన్నా మేలు. మూడేళ్లుగా ఆ భూమి మీదే బతుకుతున్న కూలీలు, కౌలుదార్లు కూడా దాని లెక్కలో బాధిత కుటుంబాలే. వేరే చోటు చూశారా లేదా అని సామాజిక ప్రభావ అంచనాలో తేల్చాలని కూడా చెప్పింది. కానీ జాతీయ రహదారులను నాలుగో షెడ్యూల్‌లో పెట్టి మినహాయించారు. 2015లో కేంద్రం ఉత్తర్వుతో పరిహారం, పునరావాసం వరకే వర్తింపజేశారు. అంటే 'ఎంతిస్తారు' అని అడగొచ్చు, 'ఇటే ఎందుకు' అని అడగడానికి వీల్లేదు!

అసైన్డ్ భూమిది ఇంకో చిక్కు. 1977 చట్టం దాని అమ్మకాన్ని నిషేధించింది. దళితుల చేతిలో ఉన్న ఆ ఎకరం, అరెకరం కాగితం మీద సర్కారు భూమిలా కనిపిస్తుంది. ఖర్చు తగ్గించే మార్గం వెతికే కన్సల్టెంట్‌కు అంతకన్నా ఏం కావాలి? పట్టా భూమితో సమానంగా పరిహారం ఇవ్వాలని 2004లో మేకల పాండు కేసులో ఉమ్మడి హైకోర్టు చెప్పింది. మార్గం ఎంచేటప్పుడు వేసే అంచనాలో ఆ ధర కలిపారా అన్నదే మా ప్రశ్న.

ప్రాజెక్టు నివేదికలో పరిశీలించిన ప్రత్యామ్నాయ మార్గాల పోలిక ఉంటుంది. సమాచార హక్కు కింద ముందు అడగాల్సింది అదే. అయితే జవాబుకు గడువు 30 రోజులు, అభ్యంతరానికి 21 రోజులే. కాబట్టి సర్వే రాళ్లు కనబడగానే దరఖాస్తు పడాలి. నోటిఫికేషన్ దాకా ఆగితే జవాబు చేతికొచ్చేసరికి గడువు దాటిపోతుంది.