జిమ్ములో ప్లాస్టిక్ గడ్డి పరిచేముందు

ప్రశ్న: మావారికి యాభై ఏళ్ళు. ఫిల్మ్ నగర్‌లో చిన్న వ్యాయామశాల నడుపుతున్నారు. ఫైట్లు, డాన్సులు నేర్చుకునే కుర్రాళ్ళు వస్తుంటారు. జూబ్లీహిల్స్ జిమ్ముల్లో లాగా, బరువులు పెట్టి తోసే స్లెడ్ కోసం ప్లాస్టిక్ గడ్డి వేయిస్తానంటున్నారు. ముందు మేడమీద ఒక ముక్క పరిచి చూశారు. దానిమీద పడి మా అబ్బాయి మోకాలు దోక్కుపోయి, సెగ్గడ్డలా వాచింది. మావారికి పదేళ్ళుగా షుగరు. ఆయన చెప్పుల్లేకుండానే స్లెడ్ తోస్తున్నారు. ఈ గడ్డి మంచిదేనా? ఎలాంటిది కొనాలి?
— పేరు వద్దన్న ఒక సోదరి, ఫిల్మ్ నగర్

జవాబు: అమ్మా! గడ్డి సంగతి చెబుతాను. అంతకంటె ముందు మీ అబ్బాయి మోకాలు, మీవారి పాదాలు చూసుకోవాలి.

ప్లాస్టిక్ గడ్డిమీద పడి జారితే రాపిడికి చర్మం పైపొర లేచిపోతుంది. ఆ రాపిడి వేడికి కొంత కాలుతుంది కూడా. నెత్తురు పెద్దగా కారదు గనుక కుర్రాళ్ళు లెక్కచెయ్యరు. 2003లో అమెరికాలోని సెయింట్ లూయీ నగరపు ఫుట్‌బాల్ జట్టులో 58 మంది ఆటగాళ్ళలో 5గురికి, మామూలు యాంటీబయాటిక్కులకు లొంగని సూక్ష్మక్రిమివల్ల చీముగడ్డలు లేచాయి. అన్నీ గడ్డిమీద దోక్కుపోయిన చోటనే! ఒకరి తువ్వాలు మరొకరు వాడటం, చేతులు సరిగా కడుక్కోకపోవడం, ఒళ్ళు కడుక్కోకుండా అందరూ ఒకే నీటితొట్టిలో దిగటం విచారించిన డాక్టర్ల దృష్టికి వచ్చాయి.

అంచేత చర్మం దోక్కుపోయిన వెంటనే ధారగా పడే నీటితో, సబ్బుతో కడిగి, శుభ్రమైన గుడ్డ కట్టాలి. పసుపు, సున్నం, కాఫీపొడి అద్దవద్దు. ధనుర్వాతం ఇంజక్షన్ తీసుకుని అయిదేళ్ళు దాటి, గాయంలో మట్టి పడి ఉంటే మళ్ళీ తీసుకోవాలి. మీ అబ్బాయికి వాపు వచ్చింది గనుక ఇక ఇంటివైద్యం చాలదు. గడ్డను పిండకుండా ఈరోజే డాక్టరుకు చూపించండి.

మీవారి విషయం ఇంకా ముఖ్యం. చాలాకాలం షుగరు ఉన్నవారిలో పాదాల నరాలు మొద్దుబారుతాయి. బొబ్బ లేచినా తెలియదు. "ఎప్పుడు తగిలిందో తెలియదండీ" అన్నమాట మా ఆస్పత్రిలో తరచు వింటాను. అలా మొదలైన చిన్న పుండు వేలు తీసేసేదాకా పోయిన సందర్భాలున్నాయి. పైగా మేడమీద ఎండలో ఈ గడ్డి వేడి 60 డిగ్రీలు దాటగలదు. ఆయన చేత స్లెడ్ మానిపించి, పాదాల స్పర్శ, రక్తపోటు, గుండె పరీక్ష చేయించండి. డాక్టరు సరేనన్న తరువాతనే, మేజోళ్ళు, బూట్లు వేసుకుని, నీడపట్టున తోయాలి. తోసేటప్పుడు ఊపిరి బిగబట్టకూడదు. రాత్రి అరికాళ్ళు చూసుకోవాలి. లేకపోతే మీరే చూడండి.

ఇక గడ్డి. ఇది కొత్తదేం కాదు. 1966లో హ్యూస్టన్ స్టేడియంలో పరిచారు. 1976 మాంట్రియల్ ఒలింపిక్స్‌లో హాకీ దీనిమీదే ఆడారు. మనవాళ్ళు ఏడో స్థానంలో మిగిలారు. నేల మారితే శ్రమ మారుతుంది. మన ఊళ్ళ బండలాగుడు పోటీల్లో చూడండి: బండ అదే, ఎడ్లు అవే, నేల మారితే లాగుడు మారుతుంది. స్లెడ్ కూడా అంతే. కొత్త గడ్డి వేసినప్పుడు తక్కువ బరువుతో మళ్ళీ మొదలుపెట్టాలి.

దుకాణాల్లో ముఖ్యంగా మూడు రకాలు దొరుకుతాయి. బాల్కనీ అలంకారానికి వాడే పొడుగు పోచలది చూడటానికి బాగుంటుంది గాని, స్లెడ్ కింద త్వరలోనే అణగి, ఊడిపోతుంది. ఆటస్థలాల రకంలో పోచల మధ్య ఇసుక, రబ్బరు రవ్వ పోస్తారు. అది గదిలో చెదిరి, దోక్కుపోయిన చర్మంలో ఇరుక్కుంటుంది. మీకు కావలసింది మూడోది: పోచ 10 నుంచి 15 మిల్లీమీటర్ల ఎత్తులో, వేళ్ళతో విడదీసినా అడుగు కనబడనంత ఒత్తుగా, రవ్వ అవసరం లేకుండా నిలబడేది. నైలాన్ పోచ ఎక్కువకాలం మన్నుతుంది గాని చర్మాన్ని ఎక్కువగా గీరుతుంది. కుర్రాళ్ళు నేలమీద దొర్లి, పాకేటట్టయితే మెత్తని పాలిథిలీన్ మేలు. నమూనా ముక్క తెప్పించి, పోచ వాలు వెంట ఒకసారి, ఎదురుగా ఒకసారి అరచేతితో రుద్ది చూడండి.

సమతలంగా ఉన్న సిమెంటు నేలమీద అంతటా జిగురు పూసి అతికించాలి. అతుకులు తోసే దారికి అడ్డంగా రాకూడదు. లేచిన అతుకే కాలికి తగిలి పడేస్తుంది. దారి చివర రెండు మీటర్లు ఖాళీ వదలాలి. అక్కడ అద్దం అసలే వద్దు! స్లెడ్ అడుగున పదునైన అంచులు లేకుండా చూడాలి. రోజూ దుమ్ము తీసి, చెమట పడినచోట సబ్బునీటితో తుడిచి ఆరనివ్వాలి. ఎవరి తువ్వాలు వారిదే అని గోడమీద రాయించండి.

గడ్డికి పెట్టే డబ్బులో కొంత మిగిల్చి, ముందు మీవారికి ఒక జత మంచి బూట్లు కొనండి.