శెనగ్గింజలో కనబడని విషం

తొలకరి చినుకు పడిందంటే వజ్రకరూరు చేలల్లో జనమే జనం. వానకు కడిగిన ఎర్రమట్టిలో వజ్రాలు వెదుకుతూ తిరుగుతారు. మెరిసిందల్లా వజ్రం కాదు గదా! తేల్చి చెప్పే పద్ధతుల్లో ఒకటి 1928లో సి.వి. రామన్ గారు కనిపెట్టిందే. ఒకే రంగు వెలుగును రాయి మీద వేస్తే, చెదిరి వచ్చే వెలుగులో కాస్త రంగు మారుతుంది. ఆ మార్పు ఏ పదార్థానికి ఆ పదార్థానికే ప్రత్యేకం, మన వేలిముద్రల్లాగా. (విశాఖపట్నంలో చదువుకున్న రామన్ గారికి వజ్రాలంటే మహా ఇష్టం.)

వంటల పేజీల్లో ఈ గొడవేమిటంటారా? ఆ చేలల్లోనే మనం తినే వేరుశెనగ కూడా పండుతుంది. కాయ ఊరే రోజుల్లో వాన మొహం చాటేసి నేల కాగిందంటే, గింజకు ఒక రకం బూజు పడుతుంది. అది తయారుచేసే విషం అఫ్లటాక్సిన్. 1960లో ఇంగ్లండులో లక్షకు పైగా టర్కీ కోళ్లు చచ్చిపోతే, మేతలో కలిపిన వేరుశెనగ పిండే కారణమని తేలింది. ఏళ్ల తరబడి మన ఒంట్లోకి పోతే కాలేయానికి క్యాన్సర్ తెస్తుంది. నేరుగా తినే గింజల్లో కిలోకు 4 మైక్రోగ్రాములు మించితే యూరప్ దేశాలు ఒప్పుకోవు. మైక్రోగ్రామంటే గ్రాములో పదిలక్షలో వంతు!

అంత పిసరు నుంచి వచ్చే రామన్ వెలుగు మరీ నీరసం. 1970లలో దానికో ఉపాయం దొరికింది. గరుకు వెండికి ఆ పదార్థం అంటుకుంటే వెలుగు లక్షల రెట్లు పెరుగుతుంది. వెండి, బంగారు నలుసులతో ఇదే పద్ధతిన హైదరాబాద్ విశ్వవిద్యాలయంలో పేలుడు పదార్థాల జాడ పట్టే పరిశోధన చేశారు. అఫ్లటాక్సిన్‌నూ, పండ్ల తొక్క మీది పురుగుమందునూ కూడా ప్రయోగశాలల్లో ఇలా పట్టారు.

ఆ యంత్రం మన వంటింట్లో లేదు. చేటా, కళ్లూ ఉన్నాయి. ముడుతలు పడ్డవీ, రంగు మారినవీ, బూజు పట్టినవీ ఏరి పారేయండి. పుచ్చుగింజలను పొడిలోకి వేసేయడం మనకు అలవాటే, దంచితే కనబడవని. నేనూ వేసినదాన్నే! వేయిస్తే విషం కొంత తగ్గుతుందేగాని పూర్తిగా పోదు. కడిగినా పోదు. కాయలు బాగా ఎండాకే డబ్బాకెత్తండి, చెమ్మ తగలనీయకండి. ఏరిన పుచ్చులు వృథా పోతాయని ఆవుకు వేసేరు సుమా, ఆ విషం కొంచెం రూపు మార్చుకుని పాలల్లోకి వస్తుంది. ఆ పాలే మళ్లీ పిల్లలకు పడతాం.