సీతాఫలం దగ్గరే ఎందుకండీ ఈ బేరం?

దసరా సెలవులకి మా వదిన పిల్లల్ని తీసుకుని విశాఖపట్నం నుంచి కిరండూల్ పాసింజరులో వచ్చింది. బొర్రాలో కాపురం ఉన్నవాళ్ళకి ఇది మామూలే. గుహలు చూడ్డానికి చుట్టాలు ఆశ్వయుజంలో మొదలుపెడితే సంక్రాంతి దాకా వస్తూనే ఉంటారు.

"అత్తా, ఈసారి ఆటమ్ కుకీస్ చేద్దాం" అని మేనకోడలు ఫోను చూపించింది. ఎర్రాకుల ఆకారంలో బిస్కట్లు, వాటి మీద ఎండు క్రాన్‌బెర్రీలు, ఆపిల్ ముక్కలు. సరంజామా అంతా వదిన సంచీలోనే ఉంది. మైదా, వెన్న, క్రాన్‌బెర్రీ పాకెట్టు, టూటీ ఫ్రూటీ. (పచ్చి బొప్పాయి ముక్కలకి పంచదార పాకం, రంగు పట్టిస్తే అదే టూటీ ఫ్రూటీ. బొప్పాయి చెట్టు మా దొడ్లోనే ఉంది, సరే.) అయినా మనకి ఆకులు రాలేది శిశిరంలో కదా! ఈ కొండల్లో ఇప్పుడు వలిసె చేలు పచ్చగా పూస్తాయి, దారి పక్కన సీతాఫలాల బుట్టలు దిగుతాయి.

ఆ బుట్ట దగ్గరే నాకు మండింది.

గుహలకి వెళ్ళే దారిలో ఒకామె బుట్ట దించుకుని కూర్చుంది. వదిన ఎంతకిస్తావంది. "మూడొందలమ్మా" అంది ఆమె. "నూటయాభై. ఇస్తే ఇయ్యి, లేకపోతే లేదు" అని వదిన నాలుగడుగులు ముందుకేసింది. మనందరికీ వచ్చిన విద్యేగా! ఆమె వెనక్కి పిలిచింది. నూటడెబ్భైకి తెగింది. ఇంటికొచ్చేదాకా వదిన మొహంలో వెలుగే వెలుగు.

మరి క్రాన్‌బెర్రీ పాకెట్టు కొన్నప్పుడు సగానికిస్తావా అని ఎవర్నడిగింది? దాని మీద ధర అచ్చేసి ఉంటుంది, మనం నోరు మూసుకుని ఇచ్చి వస్తాం. ఏదైనా తేడా వస్తే ఆ కంపెనీకి ఫోన్ చేసి "చూడండి సార్" అని గౌరవంగా మాట్లాడతాం. కొండ దిగి బుట్ట మోసుకొచ్చినామె, వయసులో మన అమ్మంత ఉన్నా సరే, "నువ్వు", "ఇయ్యి".

ఈలోగా పిల్లలు సీతాఫలం గుజ్జు తీసి పిండిలో కలిపేశారు. మాకు ఓవెన్ లేదు, పాత అల్యూమినియం గిన్నెలో ఇసుక పోసి, స్టాండు పెట్టి, మూతేసి కాల్చాం. వాసన బాగానే వచ్చింది. నోట్లో పెట్టుకుంటే చేదు! సీతాఫలం గుజ్జుకి సెగ తగిలితే చేదెక్కుతుంది, రంగూ మారుతుంది. నేను ముందే చెప్పాను, వినలేదు. మిగిలిన కాయలు ఫ్రిజ్‌లో పెట్టింది వదిన. పొద్దునకి తోలు నల్లబడింది.

అప్పుడన్నాను, "చూశావుగా వదినా, మనకి ఫ్రిజ్ ఉండీ దీన్ని నిలవ చెయ్యలేకపోయాం. ఆమె ఏం చేస్తుంది?" కళ్ళు విచ్చుకున్న కాయ కోస్తే రెండు మూడు రోజుల్లో మెత్తబడిపోతుంది. కోయకుండా వదిలేస్తే చెట్టు మీదే పగిలి పక్షులపాలు. ఉడికించి దాచుకోవడానికి అది మామిడి తాండ్ర కాదు. తేనె, చింతపండు అయితే నిలవుంటాయి. 1956లో పెట్టిన గిరిజన సహకార సంస్థ వాటిని కొంటుంది, ధర నచ్చకపోతే మరో వారం ఆగినా సరుకు చెడదు. సీతాఫలం ఆగదు. సాయంత్రం బండి వెళ్ళిపోతే సందర్శకులూ ఉండరు. మన నాలుగడుగుల విద్య ఆమె దగ్గర పారేది అందుకే. అది మన తెలివి కాదండీ, ఆమె ఇరకాటం.

"ఇల్లాలన్నాక బేరమాడకపోతే సంసారం ఎలా నడుస్తుంది?" అంటారు. నేనూ ఆడతాను. చీరల కొట్లో గంటసేపు ఆడతాను, ఎందుకంటే అక్కడ చీర రేపటికి కుళ్ళిపోదు, కొట్టువాడు తన లాభం చూసుకోకుండా ఇవ్వడు. "వీళ్ళూ టూరిస్టులని చూసి ఎక్కువ చెబుతారు" అన్నది ఇంకో మాట. చెబుతారు, నిజమే. సగానికి అడుగుతామని తెలిసినప్పుడు ఎవరు మాత్రం అసలు ధర చెబుతారు? ఆ లెక్క వాళ్ళకి నేర్పింది మనమే.

ఈ బొర్రా చుట్టుపక్కల ఊళ్ళ భూముల మీదే సమత కేసు నడిచింది. గిరిజన ప్రాంతంలో ప్రభుత్వ భూమినైనా ప్రైవేటు గనులకి లీజుకివ్వకూడదని 1997లో సుప్రీంకోర్టు చెప్పింది. నేల కోసం అంత పెద్ద కోర్టు దాకా వెళ్ళారు. ఆ నేల మీద పండిన కాయకి మాత్రం మనం దారిలో నిలబడి తోచిన రేటు కడతాం.

బిస్కట్లు మానలేదు లెండి. రెండోసారి మైదా పక్కన పెట్టి రెండు వంతులు చోడిపిండి, ఒక వంతు గోధుమపిండి తీసుకున్నాం. చోడిపిండికి సాగుడు గుణం ఉండదు, ఉత్తదే వేస్తే విరిగి పొడైపోతుంది. ముందు కమ్మగా వేయించి, చల్లారాక వెన్న, బెల్లం పొడి, చిటికెడు ఉప్పు. పైన పెట్టడానికి, వానాకాలంలో బెల్లంతో దగ్గరికి ఉడికించి సీసాలో దాచిన అనాస ఉంది. పచ్చి అనాస పెట్టకండి, నీరు దిగి బిస్కట్ మెత్తబడిపోతుంది. సీతాఫలం తినాలనుంటే కాల్చిన బిస్కట్ పూర్తిగా చల్లారాక గింజలు తీసిన గుజ్జు పైన పెట్టుకుని అప్పటికప్పుడు తినెయ్యాలి. పిల్లలు పళ్ళెం ఖాళీ చేశారు. క్రాన్‌బెర్రీలు ఉత్తవే నమిలారు.

అన్నట్టు, ఇక్కడివాళ్ళు ఎప్పటినుంచో అంబలి కాచుకునే ఈ చోళ్ళే పట్నంలో "మిల్లెట్ కుకీస్" అని డబ్బాలో వస్తాయి. వదిన వాటినీ అడిగిన ధరకే కొంటుంది.

నిన్న ఫోన్ చేసింది. కార్తికంలో వనభోజనాలకి వస్తారట. "ఒక బుట్ట సీతాఫలాలు ముందే తీసి పెట్టు, నీకైతే తక్కువకిస్తారుగా" అంది. "మూడొందలు పంపు వదినా, కొని పెడతా" అన్నాను. "మొన్న నూటడెబ్భైకే ఇచ్చిందిగా!" అని అక్కణ్ణుంచి గట్టిగా అరిచింది.

డబ్బులు ఇంకా రాలేదు.