తీరిక వేళ: ముందు పేరా, ముందు పాటా?

ఆలూ లేదు చూలూ లేదు, కొడుకు పేరు సోమలింగం అన్నారు మన పెద్దలు. మా వీధి చివర మిత్రుడి ఇంట్లో వ్యవహారం సరిగ్గా దీనికి తలకిందులు. పాటలు అయిదు పుట్టి కూర్చున్నాయి, పేరే కుదరలేదు.

సంగతేమిటంటే, మన కుటుంబాల పిల్లలు నలుగురు, అందరూ హైస్కూలు వాళ్ళే, చలికాలమంతా ఆ ఇంటి బేస్‌మెంటులో చేరి గిటార్లు, డ్రమ్ములు, ఒక పాత కీబోర్డు పెట్టుకుని రాక్ సంగీతం వాయించారు. అందులో అయిదు పాటలు రికార్డు చేసుకున్నారు. అన్నీ కలిపి ఆల్బమ్‌గా వదలాలంటే దానికో పేరు కావాలి గదా! పెద్దవాళ్ళం కాఫీలు తాగుతూ తలో మాటా వేశాం. ఒకరు 'తెలుగు వెలుగు' అన్నారు. ఒకరు 'తేనె తేట' అన్నారు. ఇంకొకాయన 'నవరాగ మాలిక' అన్నారు. "నవ అంటే తొమ్మిది కదా అంకుల్, మావి అయిదే" అంది డ్రమ్ములు వాయించే అమ్మాయి.

పిల్లలు తమ పేరు ముందే అనుకున్నారట: 'అసలు ఊరు'. వాళ్ళ మూడో పాట పేరు అదే. పాటంతా ఇంగ్లీషు, పల్లవిలో మాత్రం ఈ రెండు తెలుగు మాటలు. ఆ పేరు వినగానే గదిలో మాటలు ఆగిపోయాయి. "ఇదేం పేరు, మనల్ని ఎత్తిపొడిచినట్టుంది" అన్నారు ఒక తల్లిగారు. రాక్ సంగీతం వింటానని పేరుపడ్డ పాపానికి తీర్పు నన్ను చెప్పమన్నారు. ఆ రోజు ఏమీ తేల్చకుండా ఇంటికొచ్చేశాను. ఈ నెల కాలమ్ ఆ బాకీ తీర్చుకోవడానికే.

ఆల్బమ్‌లో ఒక పాట పేరునే మొత్తానికి పెడితే ఆ పాటని టైటిల్ ట్రాక్ అంటారు. ఇందులో వ్యాపారం ఉంది. రేడియోలో పాట విన్నవాడు దుకాణానికి వెళ్ళి అదే పేరు చెప్పి ఆల్బమ్ అడుగుతాడు. అయితే ఈ పద్ధతి మనకి కొత్తేమీ కాదు. శతకాల్లో ప్రతి పద్యం చివరా వచ్చే మకుటమే చాలాసార్లు పుస్తకానికి పేరైంది. సుమతీ శతకం, దాశరథీ శతకం అలా వచ్చినవే. శ్రీశ్రీ 1934లో రాసిన 'మహాప్రస్థానం' గీతం పేరే 1950లో వచ్చిన సంపుటికి పేరు. తిలక్ పోయాక 1968లో అచ్చయిన 'అమృతం కురిసిన రాత్రి' కూడా అందులోని ఒక కవిత పేరే.

అందరూ ఇలాగే చేస్తారని కాదు. బీటిల్స్ ఒక ఆల్బమ్‌కి తమ ఇంజనీరు తాగే సిగరెట్టు పేరు మీద 'ఎవరెస్ట్' అని పెడదామనుకున్నారు. ముఖచిత్రం కోసం హిమాలయాలదాకా ఎవరు పోతారని బద్ధకించి, స్టూడియో బయటి రోడ్డు దాటుతూ ఫోటో తీయించుకుని ఆ రోడ్డు పేరే పెట్టేశారు. అదే 1969 నాటి 'ఆబీ రోడ్'. లెడ్ జెప్లిన్ వాళ్ళు 1971లో ఒక ఆల్బమ్‌కి అసలు పేరే పెట్టలేదు. 1973లో 'హౌసెస్ ఆఫ్ ది హోలీ' అని పేరు పెట్టి, ఆ పేరుగల పాటని మాత్రం 1975 ఆల్బమ్‌లో వేశారు. పెళ్ళి ఒకరింట, భోజనాలు ఇంకొకరింట అన్నమాట!

మన చుట్టుపక్కల సంగతి చూడండి. ఆన్ ఆర్బర్ కుర్రాళ్ళు 'ది స్టూజెస్' తాము కాపురమున్న పాత రైతు ఇంటిని 'ఫన్ హౌస్' అని పిలుచుకునేవారు. 1970లో ఆల్బమ్‌కీ, అందులో ఒక పాటకీ అదే పేరు. బాబ్ సీగర్ 1978లో 'స్ట్రేంజర్ ఇన్ టౌన్', అంటే ఊరికి కొత్తవాడు, అని పేరు పెట్టాడు. ఆల్బమంతా వెదికినా ఆ పేరుతో పాట దొరకదు.

ఇక పేరు కోసం, పాట కోసం పెద్దలతో తలపడ్డవాళ్ళ కథలు రెండు. మనం రోజూ తిరిగే గ్రాండ్ రివర్ రోడ్డు మీదే, డిట్రాయిట్ లోపల, గ్రాండీ బాల్‌రూమ్ అని ఒక హాలుండేది. 1968 అక్టోబరు చివర రెండు రాత్రులు అక్కడ ఎమ్‌సీ5 వాళ్ళు తమ మొదటి ఆల్బమ్ రికార్డు చేశారు. పేరు 'కిక్ అవుట్ ది జామ్స్'. బయటినుంచి వచ్చి వేదిక మీద సాగదీసి వాయించే బ్యాండ్లని వీళ్ళు వెక్కిరిస్తూ అరిచే మాట అది. పాట మొదట్లో ఉన్న ఒక బూతుమాట వల్ల హడ్సన్స్ దుకాణం వాళ్ళు ఆ ఆల్బమ్ అమ్మమన్నారు. కుర్రాళ్ళు ఆ దుకాణాన్ని తిడుతూ పత్రికలో ప్రకటన వేశారు. దాంతో దుకాణం వాళ్ళు ఆ రికార్డు కంపెనీ సరుకంతా తీసేశారు. 1969లో కంపెనీ బ్యాండునే వదిలించుకుంది. బూతుని నేను సమర్థించను. కాని పేరు మాత్రం వాళ్ళ నోట రోజూ ఆడిన మాటే.

రెండోది మోటౌన్ కథ. ఇది రాక్ కాదు గాని మన ఊరి కథే. 1969లో కాలిఫోర్నియాలోని బర్క్‌లీలో పోలీసులు జనాన్ని కొట్టడం ఫోర్ టాప్స్ గాయకుడు ఓబీ బెన్సన్ చూశాడు. అసలేం జరుగుతోంది అన్న ఆ నివ్వెరపాటే పాటైంది. ఇది నిరసన పాట, మనకెందుకని అతని జట్టువాళ్ళే వద్దన్నారు. మార్విన్ గే దాన్ని తీసుకుని, దిద్ది పాడాడు. కంపెనీ అధిపతి బెర్రీ గోర్డీకి నచ్చలేదు. పాట విడుదల చేసేదాకా ఇంకేమీ పాడనని గే భీష్మించాడు. 1971 జనవరిలో పాట వచ్చి విపరీతంగా అమ్ముడుపోయింది. అప్పుడు ఆల్బమ్ కావాలన్నది ఆ గోర్డీయే! మే నెలలో వచ్చిన ఆ ఆల్బమ్‌కి పేరు 'వాట్స్ గోయింగ్ ఆన్'.

నా వృత్తి సంగతొకటి చెబుతాను. రోగి వచ్చి నడుంనొప్పి, నిద్రలేమి, కోడలి మాట పట్టింపు, అన్నీ చెబుతాడు. నేను కాగితం మీద మొదట ఒకే ఒక్క మాట రాయాలి, 'ముఖ్యమైన బాధ' అని. అది రోగి సొంత మాటల్లో ఉండాలని మాకు నేర్పారు. నాకు నచ్చిన మాట రాసుకుంటే వైద్యం దారి తప్పుతుంది. ఆల్బమ్ పేరూ అంతే. అది ఉన్నవాటిల్లో అందమైన పాటది కానక్కర్లేదు, ముఖ్యమైన పాటది కావాలి.

మరి పిల్లల మాట ఎక్కడిది? మన విందుల్లోదే. "మీదే ఊరమ్మా?" అంటాం. "ఫార్మింగ్టన్ హిల్స్" అంటుంది పిల్ల. "అది సరే, అసలు ఊరు?" అంటాం. నాన్నది తెనాలి, అమ్మది ఖమ్మం. తెనాలి వెళ్తే "అమెరికా పిల్ల వచ్చింది" అంటారు. ఇక్కడ బడిలో ఇదే ప్రశ్న ఇంగ్లీషులో అడుగుతారు. ఆ డ్రమ్ముల అమ్మాయిని రెండేళ్ళక్రితం నేనూ అడిగాను. ప్రేమగానే అడిగాననుకున్నాను. పాట విన్నాక ఆ ప్రశ్న ఆమెకి ఎలా వినిపించిందో తెలిసింది.

ఇంతకీ మన ఊరి అసలు ఊరేది? 1824లో ఆర్థర్ పవర్ అనే క్వేకరు న్యూయార్క్ రాష్ట్రంలోని ఫార్మింగ్టన్ నుంచి వచ్చి ఇక్కడ అడవి కొట్టి స్థిరపడ్డాడు. విడిచి వచ్చిన ఊరి పేరే ఈ ఊరికి వచ్చింది. 'హిల్స్' తగిలించుకుని మనది నగరమైంది 1973లో. మనకంటే ముందొచ్చినవాళ్ళూ బెంగతోనే పేరు పెట్టుకున్నారు. వాళ్ళ మనవలకి మాత్రం అసలు ఊరు ఇదే అయింది.

కనుక నా తీర్పు ఇది. పేరు గొప్ప ఊరు దిబ్బ అనిపించుకునే పేర్లు మనం చెప్పినవి. పిల్లలది వాళ్ళు పడ్డ మాట. అది ఎత్తిపొడుపు కాదు, జవాబు కోసం అడిగిన ప్రశ్న. 'అసలు ఊరు' అనే ఉండనివ్వండి. ఆ తల్లిగారికి ఒక్క మనవి: పేరు మార్చమనేముందు మూడో పాట ఒకసారి పూర్తిగా వినండి. వచ్చే విందులో పిల్లలు కనబడితే ఊరు తర్వాత అడుగుదాం, ముందు ఏం వాయిస్తున్నావని అడుగుదాం.